ఆటే షో అయ్యాక ఆటల షోకి చోటెక్కడ?

రంగారెడ్డి జిల్లా తూర్పు కొసన, ఇబ్రహీంపట్నం శాసనసభ నియోజకవర్గం పరిధిలో, విజయవాడ హైవేని ఆనుకుని రామోజీ ఫిల్మ్‌సిటీ ఉంది. 1,666 ఎకరాల ఆ ప్రాంగణం ప్రపంచంలోకెల్లా పెద్ద స్టూడియో సముదాయంగా గిన్నిస్ రికార్డుల్లోకి ఎక్కింది. 1995 ఆగస్టులో మొదలైన ఈటీవీ కార్యక్రమాల్లో చాలావాటికి పుట్టిల్లు అదే. అదే జిల్లా పడమటి కొసన గచ్చిబౌలి ఉంది. 2002 జాతీయ క్రీడలకూ 2003 ఆఫ్రో-ఏషియన్ క్రీడలకూ సిద్ధం చేసిన స్టేడియాలు, పి.వి. సింధు ఆట నేర్చి ఎదిగిన గోపీచంద్ అకాడమీ అక్కడివే. సెట్లూ మైదానాలూ ఒకే జిల్లాలో ఇంత దండిగా ఉన్నా, ఈ రెంటినీ కలిపి ఆటల చుట్టూ అల్లిన గేమ్‌షో ఒకటి తెలుగు బుల్లితెర మీద ఏళ్ళ తరబడి నడిచిన దాఖలా కనబడదు.

పాటకు పోటీ పెడితే నిలిచింది. 1996లో మొదలైన ‘పాడుతా తీయగా’ బాలసుబ్రహ్మణ్యం కన్నుమూశాక ఆయన కుమారుడు చరణ్ చేతుల మీదుగా సాగింది. డాన్సుకు పోటీ పెడితే 2009 నుంచి ‘ఢీ’ సీజన్ మీద సీజన్ చేసుకుంటూ వచ్చింది. నవ్వుకు పోటీ పెడితే 2013లో ‘జబర్దస్త్’ పుట్టి ఇంటింటి పేరైంది. గృహిణులకు చిన్న చిన్న ఆటలు పెట్టి సుమ ‘స్టార్ మహిళ’ను ఏళ్ళకేళ్ళు నడిపారు. పదిమందినీ ఒక ఇంట్లో పెట్టి తాళం వేసే ‘బిగ్ బాస్’ 2017లో వచ్చి పాతుకుపోయింది. ఇవన్నీ చూసే జనమే క్రికెట్ మ్యాచ్ ఉంటే రిమోట్ ఎవరికీ ఇవ్వరు. ఆటల పిచ్చీ ఉంది, గేమ్‌షోల అలవాటూ ఉంది. రెండూ కలిస్తే మాత్రం ఎందుకు పండడం లేదన్నదే ప్రశ్న.

ఒకే పేరు కింద నాలుగు సరుకులు

ఈ చర్చ చిక్కుపడటానికి సగం కారణం, మాట్లాడేవాళ్ళు తలా ఒకదాన్ని మనసులో పెట్టుకుని మాట్లాడటం. క్రీడా గేమ్‌షో అనగానే కొందరికి క్విజ్ గుర్తొస్తుంది: ఫలానా ఏడాది ఫైనల్లో సెంచరీ ఎవరిది, ఫలానా రికార్డు ఎవరి పేర ఉంది. ఇంకొందరికి ఒళ్ళు అలిసే పోటీ. బురదలో దూకడం, తాళ్ళు పట్టుకుని ఎక్కడం, గోడలు దాటడం. మూడో రకంలో ఆటగాళ్ళు కానివాళ్ళు, ముఖ్యంగా సినిమావాళ్ళు, ఆట ఆడతారు. నాలుగో రకం వేట. మారుమూల ప్రతిభను వెతికి, పోటీ పెట్టి, గెలిచినవాడికి అసలు ఆటలోకి దారి చూపిస్తామనే కార్యక్రమం.

ఈ నాలుగూ ఒకేలా పడిపోవు. క్విజ్‌కు ప్రేక్షకులు సరిపోరు. ఒళ్ళు అలిసే పోటీకి డబ్బు సరిపోదు. తారల ఆటకు తారల తీరిక సరిపోదు. వేటకు చివర చూపిస్తామన్న దారే సరిపోదు. అన్నిటికీ ఒకే మందు వెతకడం వల్లే ఏ మందూ పనిచేయలేదన్న నిరాశ మిగిలింది.

బయటి దేశాల్లో ఏం జరిగింది

నిలవదు అనే మాటకు గట్టి ఎదురుదెబ్బ బ్రిటన్ నుంచి వస్తుంది. బీబీసీ 1970లో మొదలుపెట్టిన ‘ఎ క్వశ్చన్ ఆఫ్ స్పోర్ట్’ అర్ధ శతాబ్దం పైగా నడిచింది. డేవిడ్ కోల్మన్ దాదాపు రెండు దశాబ్దాలు, సూ బార్కర్ 1997 నుంచి 2021 దాకా దాన్ని నడిపారు. రెండు జట్లు, వాటికి పేరున్న క్రీడాకారులే కెప్టెన్లు, అతిథులుగా నడుస్తున్న కాలపు ఆటగాళ్ళు. అందులో జనం బాగా ఇష్టపడిన రౌండ్ ఒకటుంది. పాత మ్యాచ్ దృశ్యం వేసి, కీలక క్షణంలో ఆపి, తర్వాత ఏం జరిగిందో చెప్పమంటారు. దీనికి పాండిత్యం అక్కర్లేదు. ఆట తెలియనివాళ్ళు కూడా ఊహించి నవ్వుకోవచ్చు. బీబీసీ దగ్గర దశాబ్దాల దృశ్యభాండాగారం ఉంది కాబట్టి ఆ రౌండ్‌కు కొరత రాలేదు. కొత్త యాంకర్‌తో, కొత్త కెప్టెన్లతో 2021లో మార్చి చూశారు. రెండేళ్ళు దాటీదాటగానే, 2023 డిసెంబరులో, బీబీసీ దాన్ని పక్కన పెట్టేసింది.

బ్రిటన్‌లోనే ‘బుల్స్‌ఐ’ 1981 నుంచి 1995 దాకా ఆడింది. డార్ట్స్ విసిరేవాడొకడు, ప్రశ్నలకు జవాబు చెప్పేవాడొకడు జంటగా వచ్చేవారు. స్నూకర్ బల్ల చుట్టూ అల్లిన ‘బిగ్ బ్రేక్’ 1991 నుంచి 2002 దాకా నిలిచింది. ఈ రెండూ అక్కడి పబ్బుల్లో, క్లబ్బుల్లో సామాన్యులు సాయంత్రం పూట ఆడుకునే ఆటలు. చూసేవాడు తనకూ చేతనవుతుందనుకున్నాడు.

అమెరికా కథ వేరు. అక్కడ ‘జెపర్డీ’ అనే సాధారణ విజ్ఞాన క్విజ్ 1964లో పుట్టి, 1984 నుంచి ఇప్పటి రూపంలో నడుస్తూనే ఉంది. అదే అచ్చులో పోసిన ‘స్పోర్ట్స్ జెపర్డీ’ 2014లో వచ్చి 2016లో ముగిసింది. యాంకర్ డాన్ పాట్రిక్ క్రీడా ప్రసారాల్లో పేరున్నవాడు, అచ్చు దశాబ్దాల పరీక్షకు నిలిచింది, అయినా షో నిలవలేదు. ప్రసార వేదిక క్రాకిల్ చిన్నదన్నది నిజమే కానీ, పెద్ద వేదికల మీదా కథ అలాగే ఉంది. క్రీడలకే పుట్టిన ఈఎస్‌పీఎన్ 2000లో తెచ్చిన ‘టు మినిట్ డ్రిల్’ మరుసటి ఏడాదికే వెళ్ళిపోయింది. తమ గణాంక నిపుణుడు హోవీ ష్వాబ్‌ను ఓడించమని సవాలు విసిరిన ‘స్టంప్ ద ష్వాబ్’ 2004లో వచ్చి 2006లో ఆగింది.

ఒళ్ళు అలిసే పోటీలకు జపాన్ దారి చూపింది. 1986 నుంచి 1990 దాకా నడిచిన ‘టకేషీస్ కాజిల్’ జావేద్ జాఫ్రీ హిందీ వ్యాఖ్యానంతో పోగో ఛానల్లో మన పిల్లలకూ చేరింది. 1997లో మొదలైన ‘సాసుకే’ ఇంకా బతికే ఉంది, ‘నింజా వారియర్’ పేరుతో దేశదేశాలకు పాకింది. దాన్ని మొదటిసారి పూర్తి చేసినవాడు పీతలు పట్టే జాలరి. ఆ తర్వాత పూర్తి చేసినవాళ్ళలో చెప్పుల దుకాణం ఉద్యోగి ఉన్నాడు. ‘గ్లాడియేటర్స్’ కథ ఇంకో రకం. అమెరికాలో 1989 నుంచి 1996, బ్రిటన్‌లో 1992 నుంచి 2000 దాకా వెలిగి ఆరిపోయింది. బీబీసీ 2024లో తిరిగి తెస్తే మళ్ళీ జనం ఎగబడ్డారు. ఆరిపోయిందనుకున్నది పాతికేళ్ళకు మళ్ళీ వెలిగితే దాన్ని వైఫల్యమనాలా? ఇలాంటివే ఈ చర్చలో లెక్కలు తారుమారు చేస్తాయి.

మన దగ్గర జరిగిన ప్రయత్నాలు

హైదరాబాద్‌లో పుట్టి, ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన హర్షా భోగ్లే పేరు ఇక్కడ ముందు చెప్పాలి. ఆట తెలిసి, మాట తెలిసి, క్విజ్ నడిపే చాకచక్యం ఉన్నవాడు. ‘హర్షా కీ ఖోజ్’ పేరుతో ఈఎస్‌పీఎన్ కోసం కొత్త వ్యాఖ్యాతలను వెతికే పోటీ కూడా నడిపారు. ఆలోచన బాగుంది. కానీ అంతటి మనిషి ఉన్నా అది దీర్ఘకాలం నడిచే అలవాటుగా మారలేదు.

2008లో ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ పోటీ మన దేశంలో వేల మంది కుర్రాళ్ళ చేత బేస్‌బాల్ విసిరించింది. ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చిన రింకూ సింగ్, దినేశ్ పటేల్ అదే ఏడాది పిట్స్‌బర్గ్ పైరేట్స్‌తో ఒప్పందం చేసుకున్నారు. ఇద్దరూ అంతకుముందు జావెలిన్ విసిరేవాళ్ళు. 2014లో హాలీవుడ్ సినిమా కూడా వచ్చింది. కథగా ఇంతకంటే ఏం కావాలి? కానీ బేస్‌బాల్ ఆడని దేశంలో ఏటేటా అలాంటి ఇద్దరిని తయారు చేయడం ఎవరి తరమూ కాలేదు.

2011లో ఇమాజిన్ టీవీ షారుఖ్ ఖాన్‌ను ముందు పెట్టి ‘జోర్ కా ఝట్కా’ తెచ్చింది. నీళ్ళ మీద అడ్డంకుల పోటీ. సెట్టు ఇక్కడ వేయలేదు. అర్జెంటీనాలో అన్ని దేశాలవాళ్ళూ వాడుకునే సెట్టు మీదికి మనవాళ్ళను తీసుకెళ్ళారు. అంత హంగామా ఒక్క సీజన్‌తో సరి. దానికి మూడేళ్ళ ముందు మొదలైన ‘ఖత్రోం కే ఖిలాడీ’ మాత్రం నిలిచింది. అయితే అందులో ఉన్నది ఆట కాదు, భయం. పామును చూసి అరిచే నటిని చూడటానికి జనం కూర్చుంటారు. పరుగు ఎన్ని సెకన్లన్నది ఎవరికీ పట్టదు.

తెలుగులో తారల ఆట ఒక్కటే కాస్త నిలదొక్కుకుంది. 2011లో మొదలైన సెలబ్రిటీ క్రికెట్ లీగ్‌లో వెంకటేశ్ సారథ్యంతో దిగిన తెలుగు వారియర్స్ ఆ తర్వాత నాలుగుసార్లు కప్పు కొట్టింది: 2015, 2016, 2017, ఆపైన అఖిల్ హయాంలో 2023. మధ్యలో ఆరేళ్ళ ఎడం ఎందుకన్నది చూస్తే ఆ పోటీ బలహీనత తెలుస్తుంది. షూటింగుల తేదీలు, స్పాన్సర్లు, నటుల ఒళ్ళు, నిర్మాతల ఒప్పుదల అన్నీ ఒకే నెలలో కుదరాలి. కుదరని ఏడాది ఆట లేదు.

హక్కులే అడ్డం అనేవాళ్ళు

నిర్మాతల వైపు నుంచి వినిపించే వాదం సూటిగా ఉంటుంది. క్రీడా క్విజ్‌కు ప్రాణం పాత దృశ్యాలు. ఆ దృశ్యాలు మన చేతిలో లేవు. 2023 నుంచి 2027 దాకా ఐపీఎల్ ప్రసార హక్కులు 48,390 కోట్ల రూపాయలకు అమ్ముడయ్యాయి. అంత పెట్టి కొన్నవాడు పది సెకన్ల క్లిప్పు కూడా పక్క ఛానల్‌కు ఊరికే ఇవ్వడు. హక్కులు ఉన్నవాడికేమో మ్యాచ్ చాలు, క్విజ్‌తో పనిలేదు. బీబీసీకి సొంత భాండాగారం ఉంది కనుక ఆ రౌండ్ సాధ్యమైంది. ఈటీవీకో జెమినీకో ఆ వెసులుబాటు లేదు.

ఆటగాళ్ళ సంగతీ అంతే. ఏడాది పొడుగునా పర్యటనలు, పైన బోర్డు నిబంధనలు. 2019 జనవరిలో ‘కాఫీ విత్ కరణ్’లో మాట తూలినందుకు హార్దిక్ పాండ్యా, కె.ఎల్. రాహుల్ సస్పెన్షన్ ఎదుర్కొన్న తర్వాత, వినోద కార్యక్రమంలో క్రికెటర్ మనసు విప్పి మాట్లాడతాడని ఆశించడం అత్యాశే. తెరవెనుక ఇంకో చిన్న నిజం ఉంది. రిటైరైన తెలుగు క్రికెటర్లలో మాటకారితనం ఉన్నవాళ్ళకు ఇప్పుడు వేరే కొలువు దొరికింది. 2018 డిసెంబరులో స్టార్ స్పోర్ట్స్ తెలుగు మొదలయ్యాక ఎమ్మెస్కే ప్రసాద్, వేణుగోపాలరావు లాంటివాళ్ళు కామెంటరీ బాక్సులో కూర్చున్నారు. బ్రిటన్‌లో క్విజ్ జట్టు కెప్టెన్లు కావలసిన మనుషులు ఇక్కడ మ్యాచ్ మధ్యలోనే సామెతలు, సినిమా డైలాగులు కలిపి వినోదం పంచుతున్నారు.

ఈ వాదంలో బలముంది. కానీ ఇది క్విజ్‌కూ తారల రాకకూ మాత్రమే సరిపోతుంది. గోడలెక్కే పోటీకి క్లిప్పూ అక్కర్లేదు, క్రికెటరూ అక్కర్లేదు. అది కూడా మన దగ్గర నిలవలేదు కదా!

ప్రేక్షకుడి వైపు నుంచి

రెండో వాదం ఇంట్లో కూర్చున్నవాళ్ళ గురించి. కోటి రూపాయల ప్రశ్న ముందు కూర్చున్న మనిషిని చూస్తూ, రాత్రి భోజనాల వేళ తాతా, కోడలూ, పిల్లాడూ తలా ఒక జవాబు చెప్పుకుంటారు. ఒకరికి పురాణం తెలుస్తుంది, ఒకరికి కూరగాయల ధర, ఒకరికి పాఠ్యపుస్తకం. క్రీడా క్విజ్‌లో ఆ పంపకం కుదరదు. ప్రశ్న సులువైతే అభిమాని నవ్విపోతాడు, కష్టమైతే మిగతా ఇల్లంతా లేచిపోతుంది. ‘స్పోర్ట్స్ జెపర్డీ’ రెండేళ్ళకే ముగియడానికి ఇంతకంటే మంచి వివరణ దొరకదు.

దీనికి తోకగా తరచూ ఇంకో మాట చేరుస్తారు: రాత్రి ఏడు నుంచి పది దాకా తెలుగు టీవీ ఆడవాళ్ళది, వాళ్ళకు ఆటలు పట్టవు అని. మొదటి సగం సీరియళ్ళ వరసను చూస్తే నిజమే అనిపిస్తుంది. రెండో సగం మాత్రం సోమరి మాట. 2025 నవంబరులో భారత మహిళలు వన్డే ప్రపంచకప్పు గెలిచినప్పుడు ఆ జట్టులో కడప జిల్లా అమ్మాయి శ్రీచరణి ఉంది, హైదరాబాద్ అమ్మాయి అరుంధతి రెడ్డి ఉంది. ‘స్టార్ మహిళ’లో బంతులు విసిరినవాళ్ళూ, బెలూన్లు పగలగొట్టినవాళ్ళూ ఆడవాళ్ళే. వాళ్ళకు ఆట పట్టదని కాదు, వాళ్ళకోసం ఆటల షో ఎవరూ రాయలేదన్నదే సత్యానికి దగ్గర.

ఫోన్ మింగేసిందా?

మూడో వాదం కొత్తది, బాగా వాడుకలో ఉన్నది. ఆట మీద పందెం, ఊహ, పోటీ ఇవన్నీ ఫోన్‌లోకి వెళ్ళిపోయాయి. 2008లో పుట్టిన డ్రీమ్11 జనాన్నే సెలెక్టర్లను చేసింది. 2018 ఐపీఎల్‌కు జియో, హాట్‌స్టార్ రెండూ మ్యాచ్ చూస్తూ తర్వాతి బంతికి ఏమవుతుందో చెప్పే ఆటలు పెట్టాయి. చేతిలోనే గేమ్‌షో ఉంటే టీవీలో ఎందుకంటారు.

ఈ వాదాన్ని పరీక్షించడానికి తెలుగు నేలే అన్నిటికంటే మంచి చోటు. తెలంగాణ 2017లోనే డబ్బు పెట్టి ఆడే ఆన్‌లైన్ ఆటలను నిషేధించింది, ఆంధ్రప్రదేశ్ 2020లో అదే బాట పట్టింది. మహారాష్ట్రలోనో కర్ణాటకలోనో కుర్రాడు తన జట్టును ఎంచుకుని డబ్బు కట్టే రోజుల్లో, ఇబ్రహీంపట్నం కుర్రాడికి చట్టప్రకారం ఆ దారి మూసి ఉంది. దొంగదారులు ఉండే ఉంటాయి. అయినా వాదం నిజమైతే, ఆ ఖాళీలోకి తెలుగు ఛానళ్ళలో ఒకటైనా ఒక క్రీడా గేమ్‌షోతో దూరాలి. ఎవరూ దూరలేదు. 2025 ఆగస్టులో కేంద్ర చట్టం దేశమంతటా డబ్బు ఆటలను ఆపేసింది కనుక ఈ పరీక్ష ఇప్పుడు హిందీ, తమిళ, కన్నడ ఛానళ్ళకూ మొదలైంది. మన అనుభవాన్ని బట్టి చూస్తే, అక్కడా పెద్దగా ఏమీ మొలవదనిపిస్తుంది. ఫోన్ దెబ్బ కొట్టింది గానీ, చావుకు కారణం అది కాదు.

అసలు సమస్యే లేదనేవాళ్ళు

నాలుగో వర్గం తక్కువగా మాట్లాడుతుంది, కానీ చెవిన పెట్టాల్సిన మాట చెబుతుంది. నిలవనివి క్రీడా గేమ్‌షోలే కాదు, గేమ్‌షోల్లో ఎక్కువ భాగం నిలవవు. ‘మీలో ఎవరు కోటీశ్వరుడు’ 2014లో నాగార్జునతో మొదలై, 2017లో చిరంజీవితో నాలుగో సీజన్ చేసి ఆగింది. 2021లో అదే అచ్చు ‘ఎవరు మీలో కోటీశ్వరులు’గా జెమినీకి వెళ్ళి, జూనియర్ ఎన్టీఆర్ ఉన్నా ఒక్క సీజన్‌తో నిలిచిపోయింది. తెలుగు తెర మీద ముగ్గురు అగ్రతారలు మోసినా నిలవని బరువును, పేరు లేని క్రీడా క్విజ్ మోయలేదని ఎత్తిపొడవడం న్యాయం కాదంటారు.

అంకెల్లో వాళ్ళది సబబే. కానీ ఒక తేడా వాళ్ళ లెక్కలో పడదు. కోటీశ్వరుడు ఆగితే మరో ఛానల్ అంత ఖర్చుతోనూ మళ్ళీ ఎత్తుకుంది. క్రీడా షో ఆగితే ఎత్తుకునేవాడే ఉండడు. ఓడిపోవడం అందరికీ ఉన్నదే. రెండో అవకాశం దొరకకపోవడం మాత్రం దీనికే ప్రత్యేకం. చిత్రమేమిటంటే, ఆ కోటీశ్వరులు షోలో కోటి గెలిచిన పోలీసు ఉద్యోగి, షూటింగ్ క్రీడలో ఒలింపిక్ పతకం తన కల అని చెప్పుకున్నాడు. ఆట తెలుగు గేమ్‌షోలోకి వచ్చింది, పోటీదారు కలగా. కార్యక్రమానికి వస్తువుగా మాత్రం రాలేదు.

లీగులు ఎత్తుకుపోయిన సొత్తు

పై వాదాలన్నీ గేమ్‌షో లోపల తప్పు వెతుకుతున్నాయి. బయట, ఆటలోనే ఏం మారిందో చూస్తే సంగతి ఎక్కువ అర్థమవుతుంది.

2014లో ప్రొ కబడ్డీ మొదలైనప్పుడు కబడ్డీకి టీవీ కోసం కొత్త తొడుగు కుట్టారు. కూతకు 30 సెకన్ల గడియారం. వరసగా రెండు ఖాళీ కూతలు పోతే మూడోది చావో రేవో. ముగ్గురో అంతకంటే తక్కువో మిగిలిన జట్టు పట్టేస్తే అదనపు పాయింటు. గడియారం, ఆఖరి అవకాశం, వెనకబడ్డవాడికి బోనస్. ఇవన్నీ గేమ్‌షో పెట్టెలోని పనిముట్లే. ఐపీఎల్ కూడా తక్కువ తినలేదు. 2009లో వ్యూహాత్మక విరామం తెచ్చింది, 2023లో ఇంపాక్ట్ ప్లేయర్. వేలంపాట అయితే ఏ గేమ్‌షోకూ తీసిపోని కార్యక్రమం: 2024 నవంబరులో జెద్దాలో రిషభ్ పంత్ ధర 27 కోట్లకు ఎగబాకుతుంటే చూసినవాళ్ళు మ్యాచ్ చూస్తున్నట్టే చూశారు. 2003 ప్రపంచకప్పులోనే సెట్ మ్యాక్స్ మందిరా బేడీతో ‘ఎక్స్‌ట్రా ఇన్నింగ్స్’ పెట్టి, ఆట చుట్టూ ఉండే కబురు కూడా ప్రసారంలో భాగమేనని తేల్చింది.

గేమ్‌షో ప్రేక్షకుడికి ఇవ్వగలిగిన ఉత్కంఠను ఆట తానే మింగేసుకుంది. పైగా ఆటలో పందెం అసలుది, గాయం అసలుది, ఓటమి తర్వాతి ఏడుపూ అసలుదే. దాని పక్కన ఆట వేషం వేసుకున్న షో వెలవెలబోక తప్పదు.

అయితే ఈ వాదాన్ని కూడా మరీ దూరం లాగకూడదు. ప్రీమియర్ బ్యాడ్మింటన్ లీగ్ ట్రంప్ మ్యాచ్ పెట్టింది. ముందే ప్రకటించిన ఆ మ్యాచ్ గెలిస్తే ఒక పాయింటు ఎక్కువ, ఓడితే ఉన్నదాంట్లో ఒకటి పోతుంది. అచ్చంగా గేమ్‌షో జూదం. 2018 జనవరిలో గచ్చిబౌలిలో హైదరాబాద్ హంటర్స్ కప్పు కొట్టినప్పుడు స్టేడియం ఊగిపోయింది. 2020 తర్వాత ఆ లీగ్ జరగనే లేదు. పనిముట్లు దొరికినంత మాత్రాన లీగులకూ ఆయుష్షు గ్యారంటీ లేదు.

నిలిచినవి పక్కపక్కన పెడితే

దశాబ్దం దాటి బతికినవాటిని ఒక వరసలో పేరిస్తే మూడు రకాల బలం కనిపిస్తుంది. ‘ఎ క్వశ్చన్ ఆఫ్ స్పోర్ట్’ది సొంత సరుకు బలం. ‘బుల్స్‌ఐ’, ‘బిగ్ బ్రేక్’, ‘సాసుకే’లది పక్కింటి మనిషి బలం, పోటీదారు చూసేవాళ్ళలో ఒకడు, ఆట చేతికందేది. 2005 నుంచి నడుస్తున్న అమెరికా ‘అల్టిమేట్ ఫైటర్’ది తలుపు బలం, గెలిచినవాడు మిశ్రమ యుద్ధకళల పోటీలు నడిపే యూఎఫ్‌సీలోకి నడిచి వెళతాడు, షో పెట్టినవాళ్ళదే ఆ సంస్థ కాబట్టి తాళంచెవి వాళ్ళ చేతిలోనే ఉంది. ‘మిలియన్ డాలర్ ఆర్మ్’ కూడా తలుపే చూపింది. ఆ తలుపు వేరేవాళ్ళది, వేరే ఖండంలో ఉంది.

ఇదే కొలత తెలుగు షోలకు పెడితే బొమ్మ స్పష్టంగా వస్తుంది. ‘పాడుతా తీయగా’ నుంచి ఉష, మల్లికార్జున్ సినిమా పాటకు వెళ్ళారు. ‘ఢీ’ వేదిక నుంచి శేఖర్ మాస్టర్ అగ్ర తారల పాటల దాకా ఎదిగారు. ‘జబర్దస్త్’ స్కిట్ల నుంచి హాస్యనటులు బారులు తీరారు. తెలుగులో నిలిచిన పోటీ కార్యక్రమాల్లో ఎక్కువ భాగం సినిమాకు వసారాలు. ఆ ఆశే పోటీదారును తెస్తుంది, ఆ ఆశే ప్రేక్షకుడిని కూర్చోబెడుతుంది. తారలు జడ్జీలుగా రావడానికీ, సినిమా ప్రచారానికి అతిథులుగా రావడానికీ మూలం అదే. ఆ దారిలో లేని ‘స్టార్ మహిళ’ను పక్కింటి మనిషి బలం మోసింది.

క్రీడకు ఆ వసారా లేదు. రంజీ జట్టులో చోటు క్రికెట్ సంఘం ఇస్తుంది, భారత జెర్సీ సెలెక్టర్లు ఇస్తారు, ర్యాకెట్ పట్టడం అకాడమీ నేర్పుతుంది. టీవీలో గెలిచిన కుర్రాడిని ఏ సంఘమూ పట్టించుకోదు, పట్టించుకోకూడదు కూడా. పాటలో న్యాయనిర్ణేత చెవి చాలు, ఆటలో ఏళ్ళ సాధన లెక్క కావాలి. అందుకే కబడ్డీ చుట్టూ ‘ఒక్కడు’ (2003), రగ్బీ చుట్టూ ‘సై’ (2004), క్రికెట్ చుట్టూ ‘జెర్సీ’ (2019) సినిమాలుగా పండాయి. సినిమాలో గెలుపును రచయిత రాస్తాడు. షోలో రాస్తే మోసం, రాయకపోతే చాలాసార్లు చప్పన.

ఇంకా తేలనివి

చెప్పుకున్న కారణాల్లో తెలుగు సందర్భానికి తలుపు లేకపోవడమే పెద్దది, లీగులు ఉత్కంఠను సొంతం చేసుకోవడం దాని తర్వాతిది అన్నది ఈ సమీక్ష మొగ్గు. హక్కుల ఖరీదు క్విజ్ వరకు నిజం. ఫోన్ వాదం మన రెండు రాష్ట్రాల్లోనూ నిలబడలేదు. కానీ దీన్ని గట్టిగా రుజువు చేయడానికి తగినన్ని ప్రయత్నాలే తెలుగులో జరగలేదు. పదిసార్లు పడిపోయినదాని గురించి మాట్లాడటం వేరు, రెండుసార్లు కూడా లేవనిదాని గురించి మాట్లాడటం వేరు.

తేలని వాటిలో మొదటిది, సంఘాలూ ఛానళ్ళూ చేతులు కలిపితే తలుపు తెరుచుకుంటుందా అన్నది. అల్టిమేట్ ఫైటర్ నమూనా ఒక ప్రైవేటు సంస్థ గుప్పిట్లో ఆట ఉన్నచోటే పనిచేసింది. ప్రభుత్వ గుర్తింపుతో నడిచే సమాఖ్యల దేశంలో ఎంపికను కెమెరా ముందు పెడితే పారదర్శకత పెరుగుతుందా, పైరవీకి కొత్త దారి దొరుకుతుందా అన్నదానికి రెండువైపులా మాట్లాడేవాళ్ళున్నారు.

రెండోది ప్రభుత్వ పోటీల సంగతి. తెలంగాణలో 2023లో మొదలైన సీఎం కప్, ఆంధ్రప్రదేశ్‌లో 2023 డిసెంబరు నుంచి 2024 ఫిబ్రవరి దాకా జరిగిన ‘ఆడుదాం ఆంధ్ర’ గ్రామం నుంచి రాష్ట్రం దాకా మెట్లు కట్టాయి. క్రికెట్, వాలీబాల్, కబడ్డీ, ఖోఖో, బ్యాడ్మింటన్, అన్నిట్లోనూ పక్కింటి మనుషులే. టీవీ నిర్మాత చేతికి సిద్ధంగా ఉన్న సరుకు అది. అది వార్తల్లో నిమిషం పాటు కనిపించి పోయింది తప్ప, కథగా ఎవరూ అల్లలేదు. అల్లితే చూసేవాళ్ళేనా? ప్రభుత్వం మారితే ఉంటుందో ఉండదో తెలియని పోటీ మీద ఏ స్పాన్సర్ డబ్బు పెడతాడు?

మూడోది కబడ్డీ. పాత క్లిప్పుల హక్కులు అక్కర్లేదు, అంతర్జాతీయ తార అక్కర్లేదు, తెలంగాణ పల్లెల్లో బడికి పోయినవాళ్ళలో ఎప్పుడో ఒకప్పుడు కూత పెట్టనివారు తక్కువ. ఊరి జట్ల పోటీలు సంక్రాంతికీ జాతరలకూ జరుగుతూనే ఉన్నాయి, వాటిలో కొన్ని యూట్యూబ్‌లో ప్రత్యక్షంగా వస్తున్నాయి కూడా. సరుకు బలం, మనిషి బలం రెండూ దీనికున్నాయి. తలుపు కూడా, కావాలంటే, ప్రొ కబడ్డీ జట్టు తెలుగు టైటాన్స్ రూపంలో కనుచూపు మేరలోనే ఉంది. ఫిల్మ్‌సిటీ ఉన్న అబ్దుల్లాపూర్‌మెట్ నుంచి స్టేడియాలున్న గచ్చిబౌలికి అవుటర్ రింగ్ రోడ్డు మీద గంట ప్రయాణం. ఊరి జట్టుగా మొదలై ఆ ఫ్రాంచైజీ శిక్షణ శిబిరంలో ముగిసే షో ఒకటి తీస్తే, పై వాదాల్లో ఏది నిజమో ఒక్క దెబ్బకు బయటపడుతుంది. అందుకు ఫ్రాంచైజీ ఒక శిబిరం చోటును పందెంగా పెట్టాలి, ఛానల్ కనీసం రెండు సీజన్లకు మాట ఇవ్వాలి. ఆ రెండిట్లో ముందు ఎవరు కదలాలన్న దగ్గరే ప్రస్తుతానికి చర్చ ఆగి ఉంది.